నిద్ర జబ్బులు, వాటి లక్షణాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నిద్రలో తన ఒంటికి ఏం జరుగుతోందో నిద్రపోతున్న మనిషికి తెలియదు. కడుపు నొప్పి వస్తే నొప్పి పడిన మనిషే చెబుతాడు; గురక, ఊపిరి ఆగిపోవడం, కాళ్లు విదిలించడం, కలలో చేయి విసరడం వంటివి మాత్రం పక్కన పడుకున్నవారు చెప్పేదాకా ఆ మనిషి దృష్టికే రావు. అందుకే ఈ జవాబులను రోగి కోసం ఎంతగా రాశానో, అదే గదిలో పడుకునే భార్య, భర్త, తల్లి, హాస్టల్ మిత్రుడి కోసం కూడా అంతగా రాశాను. ఇక్కడ ఉన్నది జబ్బును గుర్తుపట్టడానికి పనికివచ్చే సమాచారం. మందును, మోతాదును నిర్ణయించవలసింది మీ వైద్యులే.

రోజుకు ఎన్ని గంటల నిద్ర కావాలి?

పెద్దవారికి కనీసం 7 గంటలు అవసరమని 2015లో అమెరికాలోని నిద్ర వైద్య సంఘాలు సూచించాయి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటలు కావాలి. మనిషికీ మనిషికీ కొంత తేడా ఉంటుంది కనుక గడియారాన్ని ఒక్కదాన్నే నమ్మకుండా, పగలు ఎలా గడుస్తోందో కూడా చూసుకోవాలి. వయసు పైబడినవారికి నిద్ర పలచబడి, పెందలాడే పట్టి, పెందలాడే వదలడం సహజమే గాని, నిద్ర అవసరమే తగ్గిపోతుందనుకోవడం పొరపాటు.

ఈ అంకెలు చూసినప్పుడల్లా నాకు మన ఇంటర్ విద్యార్థులు గుర్తుకొస్తారు. కౌమారంలో శరీర గడియారం సహజంగానే ఆలస్యంగా నడుస్తుంది కాబట్టి ఆ వయసు పిల్లలకు రాత్రి తొందరగా నిద్ర రాదు, ఉదయం తొందరగా మెలకువ రాదు. రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్ నడిపి, తెల్లవారుజామున ఐదింటికే లేపే రెసిడెన్షియల్ కళాశాలలో వారికి 8 గంటలు దొరికే దారే లేదు. తరగతిలో జోగే ఆ పిల్లవాణ్ణి సోమరి అని తిట్టకండి. అతడికి నిద్ర బాకీ పడింది.

నిద్రలో అసలు ఏం జరుగుతుంది?

తేలిక నిద్ర, గాఢ నిద్ర, కలల నిద్ర అనే దశలు సుమారు 90 నిమిషాలకు ఒక చుట్టు చొప్పున రాత్రికి నాలుగైదు చుట్లు తిరుగుతాయి. గాఢ నిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలోను, కలల నిద్ర తెల్లవారుజాము వైపు ఉంటాయి. కనురెప్పల కింద కళ్లు వేగంగా కదిలే ఈ కలల నిద్రను 1953లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ లోకానికి తెలియజేశారు. ఆ దశలో ఊపిరి తీయించే కండరాన్ని, కంటి కండరాలను వదిలేసి దాదాపు ఒంట్లోని కండరాలన్నింటినీ మెదడు సడలించి ఉంచుతుంది. అలా చేయకపోతే కలలో పరుగెత్తే మనిషి మంచం మీద నుంచి నిజంగానే పరుగెత్తుతాడు. ఈ సడలింపు సంగతి గుర్తుపెట్టుకుంటే కింద చెప్పబోయే జబ్బుల్లో చాలావాటికి తాళంచెవి దొరికినట్టే.

నిద్ర పట్టకపోవడాన్ని ఎప్పుడు జబ్బు అనాలి?

ఇంట్లో పెళ్లి పనులో, పరీక్షలో, ఎవరైనా పోయిన దుఃఖమో ఉన్నప్పుడు నాలుగు రాత్రులు నిద్ర పట్టకపోవడం జబ్బు కాదు. పడుకునే వీలుండి కూడా నిద్ర పట్టకపోవడం, నడిరాత్రి మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోవడం, లేవవలసిన వేళకన్నా బాగా ముందే మెలకువ రావడం అనేవాటిలో ఏదైనా వారానికి కనీసం 3 రాత్రుల చొప్పున 3 నెలలుగా సాగుతూ, దానివల్ల పగలు అలసట, చిరాకు, మరుపు, పనిలో పొరపాట్లు వస్తుంటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమిగా వైద్యులు లెక్కిస్తారు. వీలుండి కూడా అన్న మాట ఇక్కడ ముఖ్యం. రెండు ఉద్యోగాలు చేస్తూ ఐదు గంటలే పడుకునేవారికి ఉన్నది నిద్రలేమి వ్యాధి కాదు, నిద్రకు సమయం లేకపోవడం.

తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, దానితోపాటు మనసంతా దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, బతుకు మీద విరక్తి ఉంటే అది కుంగుబాటు లక్షణం కావచ్చు. అటువంటప్పుడు నిద్ర మాత్ర కోసం వెతకకుండా మానసిక వైద్యులను కలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

కారణం పోయినా నిద్రలేమి ఎందుకు పోదు?

నా దృష్టిలో నిద్రలేమి గురించి అందరూ తెలుసుకోవలసిన విషయం ఇదే. నిద్రను చెడగొట్టిన కారణం ఒకటైతే, దాన్ని చెడిపోయినట్టే ఉంచే కారణం చాలావరకు వేరొకటిగా ఉంటుందని అమెరికన్ మనస్తత్వవేత్త ఆర్థర్ స్పీల్‌మన్ 1980లలో వివరించారు. ఉద్యోగం పోయిన బెంగతో మొదలైందనుకుందాం. రాత్రి పోయిన నిద్రను పూడ్చుకోవడానికి ఆ మనిషి తొమ్మిదింటికే మంచం ఎక్కుతాడు, ఉదయం ఎనిమిది దాకా అందులోనే దొర్లుతాడు, మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటాడు, పట్టని వేళ మంచం మీదే ఫోన్ చూస్తాడు, గంటకోసారి టైము చూసుకుని ఇంకా ఎంత మిగిలిందో లెక్కపెడతాడు. కొత్త ఉద్యోగం దొరికి బెంగ తీరినా, మంచం అంటే మెలకువగా ఉండే చోటు అని అతడి మెదడు అప్పటికే నేర్చుకుని ఉంటుంది. హాల్లో టీవీ ముందు కునికిపాట్లు పడినవాడు మంచం ఎక్కగానే కళ్లు విచ్చుకుని కూర్చోవడానికి కారణం ఇదే.

కాబట్టి చికిత్స కూడా ఆ అలవాట్లను విప్పడంతోనే మొదలవుతుంది. రాత్రి ఎలా గడిచినా ఉదయం ఒకే సమయానికి లేవడం. నిద్ర ముంచుకొచ్చినప్పుడే మంచం ఎక్కడం. సుమారు 20 నిమిషాలైనా పట్టకపోతే లేచి మరో గదిలో మసక వెలుతురులో కూర్చుని, మళ్లీ నిద్ర వచ్చినప్పుడే రావడం. మంచం మీద గడిపే సమయాన్ని నిజంగా పడుతున్న నిద్రకు దగ్గరగా కుదించి, నిద్ర చిక్కబడిన కొద్దీ మెల్లగా పెంచడం దీనిలో ప్రధానమైనవి. మొదటి రెండు వారాలు కష్టంగానే ఉంటుంది. దీర్ఘకాలిక నిద్రలేమికి మందుల కన్నా ముందుగా ఇవ్వవలసినది ఈ ప్రవర్తనా చికిత్సేనని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో స్పష్టంగా చెప్పింది. మూర్ఛ, బైపోలార్ జబ్బు ఉన్నవారు, వాహనం నడపడమే వృత్తిగా ఉన్నవారు మాత్రం మంచం సమయాన్ని తమంతట తాము కుదించకూడదు; వైద్యుల పర్యవేక్షణ అవసరం.

సాయంత్రం కాఫీ మానేయడం, గది చల్లగా, చీకటిగా ఉంచుకోవడం వంటివి మేలు చేస్తాయి. కాఫీలోని కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. అయితే ఇవి ముదిరిన నిద్రలేమిని వాటంతట అవే నయం చేయలేవని కూడా చెప్పాలి, ఎందుకంటే ఇవన్నీ చేసి ఫలితం లేక, తప్పు తమదేననుకుని బాధపడేవారు చాలామంది ఉన్నారు.

నిద్ర మాత్రలు వాడవచ్చా?

వైద్యులు రాసినప్పుడు, వారు చెప్పిన కొద్ది రోజులకు వాడవచ్చు. ఆల్ప్రాజోలం వంటి మాత్రలకు ఒళ్లు అలవాటు పడి, కొన్ని వారాల్లోనే అదే మోతాదు పనిచేయడం తగ్గుతుంది. హఠాత్తుగా మానేస్తే వణుకు, విపరీతమైన ఆందోళన, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. తెలంగాణలో కల్తీ కల్లు ఈ ప్రమాదాన్ని ఊళ్లకు ఊళ్లే చూసేలా చేసింది: ఆల్ప్రాజోలం, డైజిపామ్ వంటివి కలిపిన కల్లుకు అలవాటుపడినవారు అది దొరకని రోజుల్లో పిచ్చి చూపులతో, ఫిట్స్‌తో ఆసుపత్రుల పాలయ్యారు. ఏళ్లుగా మాత్ర వేసుకుంటున్నవారు ఇది చదివి ఈ రాత్రే ఆపేయకండి. మోతాదును మెల్లమెల్లగా తగ్గించే పద్ధతిని వైద్యులే చెబుతారు. మద్యం తాగితే నిద్ర తొందరగా పడుతుందన్నది నిజమే గాని, రాత్రి రెండో సగంలో అదే నిద్రను ముక్కలు చేస్తుంది, గురకను పెంచుతుంది.

గురక పెడితే గాఢంగా నిద్రపోతున్నట్టు కాదా?

మన ఇళ్లలో బలంగా నాటుకున్న అపోహ ఇది. మా ఇంట్లో కూడా నాన్నగారి గురకను ఆయన కష్టానికి దక్కిన సుఖనిద్రగానే ఏళ్ల తరబడి చూశాం, పిల్లలం దాన్ని అనుకరించి నవ్వుకునేవాళ్లం. నిద్రలో కంఠం కండరాలు సడలి గాలి దారి ఇరుకైనప్పుడు ఆ ఇరుకులోంచి వెళ్లే గాలికి మెత్తటి భాగాలు అదిరి వచ్చే చప్పుడే గురక. అప్పుడప్పుడు, మెల్లగా వచ్చే గురకతో ప్రమాదం లేదు. పెద్దగా సాగుతున్న గురక హఠాత్తుగా ఆగి, కొన్ని క్షణాలు నిశ్శబ్దం, ఆపైన ఉక్కిరిబిక్కిరైనట్టు ఒక పెద్ద ఊపిరి, మళ్లీ గురక అనే వరస ఉంటే మాత్రం అది నిద్రలో శ్వాస ఆటంక వ్యాధి కావచ్చు. వైద్యులు స్లీప్ ఆప్నియా అనేది దీన్నే.

ఆ నిశ్శబ్దంలో గాలి దారి పూర్తిగా మూసుకుపోయి ఉంటుంది. ఛాతీ ఊపిరి కోసం ప్రయత్నిస్తూనే ఉంటుంది, గాలి అందదు, రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు కంగారుపడి ఒక్క క్షణం మెలకువ తెచ్చి దారి తెరుస్తుంది. ఆ మెలకువ ఉదయానికి గుర్తుండదు. కనీసం 10 సెకన్ల పాటు ఊపిరి ఆగడాన్ని, బాగా తగ్గడాన్ని లెక్కించి గంటకు 5 నుంచి 15 ఉంటే స్వల్పం, 15 నుంచి 30 ఉంటే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం అంటారు. గంటకు 30 అంటే రెండు నిమిషాలకు ఒకసారి ఎవరో గొంతు నొక్కి వదిలినట్టు. ఎనిమిది గంటలు పడుకున్నా ఆ మనిషి పొద్దున్నే అలసిపోయి లేవడంలో వింతేముంది?

పగటిపూట కనిపించే లక్షణాలు చాలాసార్లు వేరే జబ్బుల పేరుతో చలామణి అవుతాయి. ఉదయం లేవగానే తలనొప్పి, నోరు ఎండిపోవడం, రాత్రి పలుమార్లు మూత్రానికి లేవడం, మధ్యాహ్నం సమావేశంలో కునుకు, మతిమరుపు, మూడు రకాల మాత్రలు వేసుకున్నా లొంగని రక్తపోటు వీటిలో ముఖ్యమైనవి. చికిత్స లేని తీవ్రమైన ఆప్నియా గుండె లయ తప్పడానికి, పక్షవాతానికి దోహదం చేస్తుంది.

ఇది లావుగా ఉన్న మగవారికే వస్తుందా?

ఊబకాయం పెద్ద కారణమే గాని అదొక్కటే కాదు. దవడ చిన్నదిగా, వెనక్కి ఉన్నవారికి, గొంతు లోపలి దారి పుట్టుకతోనే ఇరుకుగా ఉన్నవారికి సన్నగా ఉన్నా వస్తుంది. స్త్రీలలో ముట్లుడిగిన తరువాత ముప్పు పెరుగుతుంది. వారు గురక గురించి కాక అలసట, నిద్ర పట్టకపోవడం, దిగులు గురించి చెబుతారు కాబట్టి జబ్బు దొరక్కుండా పోతుంది. గురక పెడుతున్నానని చెప్పుకోవడానికి మన ఆడవాళ్లు పడే సిగ్గు కూడా దీనికి తోడవుతోంది. పిల్లల్లో తరచు టాన్సిల్స్, ముక్కు వెనుక పెరిగే ఎడినాయిడ్స్ కారణమవుతాయి. నోరు తెరిచి పడుకోవడం, మెడ వెనక్కి వాల్చి పడుకోవడం, మానిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, పగలు నిద్రమత్తుకు బదులు నిలకడలేని అల్లరి కనిపిస్తే పిల్లల వైద్యులకు లేదా చెవి ముక్కు గొంతు వైద్యులకు చూపించాలి.

నిద్ర పరీక్ష ఎలా చేస్తారు, చికిత్స ఏమిటి?

పరీక్ష నొప్పిలేనిది. ఒక రాత్రి ఆసుపత్రి గదిలో పడుకోబెట్టి, తలకు, కళ్ల పక్కన, గడ్డానికి, కాళ్లకు సన్నని తీగలు అతికించి, ఛాతీకి, పొట్టకు పట్టీలు, వేలికి ఆక్సిజన్ క్లిప్ పెట్టి మెదడు తరంగాలు మొదలుకొని ఊపిరి దాకా నమోదు చేస్తారు. ఆప్నియా అనుమానం బలంగా ఉండి, వేరే పెద్ద జబ్బులు లేనివారికి ఇంట్లోనే చేసే చిన్న పరీక్ష కూడా ఉంది. చేతి గడియారాలు చెప్పే నిద్ర లెక్కలు దీనికి ప్రత్యామ్నాయం కావు.

మధ్యస్థ, తీవ్ర దశలకు ప్రధాన చికిత్స సీపాప్ యంత్రం. ముక్కుకు తొడిగే మాస్కు ద్వారా కొద్దిపాటి ఒత్తిడితో గాలి పంపి గొంతు దారి మూసుకోకుండా నిలిపే ఈ పద్ధతిని ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ 1981లో ప్రకటించారు. ఇది ఆక్సిజన్ సిలిండర్ కాదు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు పెట్టే వెంటిలేటరూ కాదు. బంధువులు చూసి కంగారుపడతారన్న బెరుకుతో యంత్రాన్ని అటక ఎక్కించినవారి కోసమే ఈ మాట రాస్తున్నాను. మాస్కు కొలత సరిపోకపోతే మార్పించుకోండి, మొదట పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకోండి. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, రాత్రి మద్యం మానడం ఏ దశలోనైనా ఉపకరిస్తాయి. కొందరికి దవడను ముందుకు నిలిపే పంటి పరికరం, కొందరికి శస్త్రచికిత్స సరిపోతాయి.

పడుకోగానే కాళ్లు పీకుతాయి, కదిలిస్తేనే హాయి. ఇది నరాల బలహీనతా?

ఆ పేరుతో ఏళ్ల తరబడి బలం మాత్రలు మింగేవారు ఎందరో ఉన్నారు. సాయంత్రం, రాత్రి విశ్రాంతిగా ఉన్నప్పుడే కాళ్లలో లాగుతున్నట్టు, లోపల పురుగులు పాకుతున్నట్టు అనిపించడం, కదిలించాలన్న తహతహ ఆపుకోలేకపోవడం, లేచి నడిస్తే ఉపశమించడం అనే లక్షణాలు కలిసి ఉంటే అది విరామం లేని కాళ్ల జబ్బు. స్వీడన్ నరాల వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బామ్ 1945లో దీన్ని సవివరంగా వర్ణించారు. పిక్క పట్టేయడం వేరు. అందులో కండరం గట్టిపడి నొప్పి పెడుతుంది.

ఒంట్లో ఇనుము నిల్వ తగ్గడం దీనికి ముఖ్య కారణాల్లో ఒకటి. రక్తహీనత లేకపోయినా నిల్వ తక్కువగా ఉండవచ్చు కనుక హిమోగ్లోబిన్‌తోపాటు ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించాలి. ఫెరిటిన్ మిల్లీలీటరుకు 75 నానోగ్రాముల కన్నా తక్కువ ఉంటే ఈ జబ్బులో వైద్యులు ఇనుము ఇచ్చి చూస్తారు. రక్తహీనత ఇంత ఎక్కువగా ఉన్న మన ఆడవాళ్లలో ఈ ఒక్క పరీక్ష ఎందరి రాత్రులను బాగు చేయగలదో అనిపిస్తుంది. గర్భిణులకు చివరి నెలల్లో, డయాలిసిస్ చేయించుకునేవారికి ఇది తరచుగా వస్తుంది. నిద్ర కోసమని వేసుకునే మత్తు కలిగించే జలుబు మాత్రలు, కొన్ని వాంతుల మాత్రలు, కుంగుబాటు మందులు దీన్ని పెంచుతాయి.

రాత్రి బాగా నిద్రపోయినా పగలు ఆగని నిద్ర వస్తుంటే?

కుంభకర్ణుడని ఎగతాళి చేసే ముందు వైద్యులకు చూపించాలి. నిద్ర బాకీ, ఆప్నియా, మందుల మత్తు, థైరాయిడ్ లోపం వంటివి ముందు చూస్తారు. అవి కాకపోతే నార్కోలెప్సీ అనే అరుదైన జబ్బును పరిశీలిస్తారు. ఇది తరచు యుక్తవయసులో మొదలవుతుంది. మెలకువను నిలిపే ఒరెక్సిన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు నశించడం దీనిలో ఒక రకానికి మూలం. తింటూ, మాట్లాడుతూ ఉండగానే నిద్ర ముంచుకొస్తుంది. గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్లు వదులైపోవడం, దవడ జారిపోవడం, స్పృహ ఉండగానే కూలబడిపోవడం దీని ప్రత్యేక లక్షణం. కలల నిద్రలో ఉండవలసిన సడలింపు మెలకువలోకి చొరబడటమే ఇది. చూసేవారు మూర్ఛ అనుకుంటారు. పూర్తిగా నయం కాకపోయినా మందులతో చదువు, ఉద్యోగం సాగించవచ్చు.

మెలకువ వచ్చినా కదల్లేను, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. ఇది దయ్యమా?

కాదు. కలల నిద్ర ముగిసి స్పృహ వచ్చినా కండరాల సడలింపు ఇంకా వదలకపోవడం వల్ల కలిగే నిద్ర పక్షవాతం ఇది. కల తాలూకు ముక్కలు కూడా మిగిలి ఉండటం వల్ల గదిలో ఎవరో ఉన్నట్టు, ఛాతీ మీద బరువు పెట్టినట్టు అనిపిస్తుంది. కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాల్లో దానంతట అదే వదిలిపోతుంది, ప్రాణాపాయం ఉండదు. నిద్ర తక్కువైన రోజుల్లో, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువగా వస్తుంది. దిండు కింద ఇనుప ముక్క పెట్టుకునే పెద్దలను చిన్నబుచ్చనక్కర్లేదు, వారు పడిన భయం నిజమైనదే. కాని పిల్లవాడికి ఇలా జరిగితే అసలు కారణం వివరించి చెప్పండి. తరచుగా వస్తూ పగలు నిద్రమత్తు కూడా ఉంటే నార్కోలెప్సీ పరీక్ష అవసరం.

నిద్రలో నడవడం, కేకలు పెట్టడం ప్రమాదమా?

వయసును బట్టి, రాత్రి వేళను బట్టి జవాబు మారుతుంది. పిల్లల్లో రాత్రి మొదటి భాగంలో, గాఢ నిద్రలోంచి లేచి నడవడం, కళ్లు తెరిచి కేకలు పెట్టడం చాలావరకు వయసుతోపాటు తగ్గిపోతాయి. పీడకలకు లేచిన పిల్లవాడు కలను చెప్పగలడు, ఈ కేకలు పెట్టినవాడికి ఉదయం ఏమీ గుర్తుండదు. అటువంటప్పుడు కుదిపి లేపకుండా మెల్లగా పక్క మీదికి నడిపించి, మేడ మెట్లకు, బాల్కనీకి దారి మూసి ఉంచితే చాలు.

యాభై దాటిన మనిషి, ముఖ్యంగా మగవాడు, తెల్లవారుజామున కలలో దొంగలతో పోరాడుతున్నట్టు అరుస్తూ, గుద్దుతూ, మంచం మీద నుంచి పడుతుంటే అది వేరే సంగతి. కలల నిద్రలో ఉండవలసిన సడలింపు లేకుండా పోయి, కల ఒంట్లో ఆడుతోందన్నమాట. అమెరికాలోని మిన్నెసోటా వైద్యులు కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ 1986లో దీన్ని గుర్తించారు. ఇది ఉన్నవారిలో చాలామందికి ఏళ్ల తరువాత పార్కిన్సన్స్ లేదా ఆ కోవకు చెందిన మెదడు జబ్బు వస్తుందని తేలింది కనుక నరాల వైద్యులను తప్పక కలవాలి. అప్పటిదాకా పదునైన, గాజు వస్తువులు మంచం దగ్గర నుంచి తీసేసి, దెబ్బలు తగులుతుంటే భార్య వేరే మంచం మీద పడుకోవడం మంచిది.

నైట్ షిఫ్ట్ చేసేవారి సంగతేమిటి?

సింగరేణి గనుల్లో, విశాఖ ఉక్కు కర్మాగారంలో, అమెరికా వేళలకు పనిచేసే హైదరాబాద్ ఆఫీసుల్లో ఉన్నవారి ఇబ్బంది బద్ధకం వల్ల వచ్చింది కాదు. ఒంట్లోని గడియారం వెలుతురును బట్టి నడుస్తుంది. ఉదయం ఎండలో ఇంటికి చేరేసరికి అది లేచే వేళ అంటుంది. తిరుగు ప్రయాణంలో నల్ల కళ్లద్దాలు, ఇంట్లో మందమైన తెరలు, పనికి వెళ్లే ముందు ఒక చిన్న కునుకు, షిఫ్ట్ చివరి గంటల్లో కాఫీ మానడం కొంత సాయపడతాయి. ఇంటివారు చేయగల సాయం ఇంకా పెద్దది: పగలు పదింటికి పడుకున్న మనిషి రాత్రి పదింటికి పడుకున్నట్టే లెక్క, కాలింగ్ బెల్, కుక్కర్ విజిల్, బంధువుల ఫోన్ అతడి దాకా పోనివ్వకండి.

వైద్యుల దగ్గరికి ఎప్పుడు, ఏం తీసుకుని వెళ్లాలి?

గురకలో ఊపిరి ఆగుతోందని పక్కవారు చెప్పినా, వాహనం నడుపుతూ ఒక్కసారైనా కునుకు పడినా ఆలస్యం చేయకూడదు. ఊపిరితిత్తుల వైద్యులు, నరాల వైద్యులు, చెవి ముక్కు గొంతు వైద్యులు, మానసిక వైద్యులు ఈ జబ్బులు చూస్తారు. ఎవరి దగ్గరికి వెళ్లాలో తేలకపోతే మీ ఫ్యామిలీ డాక్టరు దారి చూపుతారు. రెండు వారాల పాటు పడుకున్న వేళ, లేచిన వేళ, మధ్యలో మెలకువలు, కాఫీ, మందు వివరాలు ఒక నోటు పుస్తకంలో రాసుకుని తీసుకెళ్లండి. వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసుకోండి. మీ గదిలో పడుకునేవారిని వెంట తీసుకెళ్లండి, లేదా వారు ఫోన్‌లో తీసిన రెండు నిమిషాల వీడియో అయినా చూపించండి. పరీక్ష, చికిత్స పూర్తయ్యేదాకా, ముఖ్యంగా తెల్లవారుజామున రెండు నుంచి ఆరు గంటల మధ్య, స్టీరింగ్ వేరొకరికి ఇవ్వండి. కళ్లు మూతపడుతున్నట్టు అనిపిస్తే కిటికీ తెరిచి, పాటలు పెంచి నెట్టుకురాకుండా, బండిని రోడ్డు దిగువన సురక్షితమైన చోట ఆపి 20 నిమిషాలు పడుకోండి.